బెంగళూరులో సొంత రికార్డు కంపెనీ పెట్టాలంటే ముందు ఎవరి చరిత్ర తెలుసుకోవాలి?

నలుగురు స్నేహితులు కలిసి బెంగళూరులో చిన్న రికార్డు కంపెనీ పెట్టబోతున్నామని, ముందుగా ఎవరి చరిత్ర చదవాలని అడిగారు. నా జవాబు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని డిస్కార్డ్ రికార్డ్స్ అనే చిన్న పంక్ రాక్ రికార్డు కంపెనీ. జయనగర్‌లో తెలుగు, కన్నడ పాటలు కట్టుకునే బ్యాండులో చాలా ఏళ్లు గిటారు వాయించాను. మా పాటలను మేమే విడుదల చేసుకున్నాం కనుక ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

1980లో అక్కడి టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండు విడిపోయింది. కచేరీల్లో వచ్చిన డబ్బును వాళ్లు పంచుకోకుండా ఒక పెట్టెలో దాచారు. సుమారు 600 డాలర్లు. ఆ సొమ్ముతో తమ పాటలను రికార్డుగా వేద్దామనుకున్నారు. అలా ఆ బ్యాండులోని ఇయన్ మకై, జెఫ్ నెల్సన్ డిస్కార్డ్‌ను మొదలుపెట్టారు. కవర్ల కోసం మరో రికార్డు అట్టను విప్పి, దాని ఆకారం గీసుకుని, ఇంట్లో కూర్చుని కత్తిరించి జిగురుతో అతికించారు. అమ్మగా వచ్చిన డబ్బు తర్వాతి బ్యాండు రికార్డుకు వెళ్లింది. మైనర్ థ్రెట్, ఆ తర్వాత 1987లో మొదలైన ఫుగాజీ అనే బ్యాండులు ఈ కంపెనీ నుంచే వచ్చాయి.

డిస్కార్డ్ అనగానే అందరూ చెప్పేది ఒప్పంద పత్రాలు లేవని, లాభం బ్యాండుతో పంచుకున్నారని, ఫుగాజీ కచేరీ టికెట్ సాధారణంగా 5 డాలర్లేనని. అన్నీ నిజాలే, గొప్పవే. నా దృష్టిలో వీటన్నిటినీ నిలబెట్టింది మరొకటి: వాళ్లు తమ ఊరి బ్యాండుల రికార్డులే వేశారు. రోజూ ఎదురుపడే మనుషుల మధ్య మాట చాలు. లెక్క తప్పితే సాయంత్రం కచేరీలోనే అడిగేస్తారు.

ఇది మా దగ్గరా చూశాను. ఒక కంపెనీ ఇచ్చిన పత్రంలో మాస్టర్ రికార్డింగుల మీద, అంటే కాపీలన్నీ తీసే అసలు రికార్డింగుల మీద, శాశ్వత హక్కులు వాళ్లవేనని ఉంది. సంతకం చేయలేదు. కచేరీ అయ్యాక మేమే బల్ల వేసుకుని సీడీలు అమ్మేవాళ్లం. వచ్చిన ప్రతి రూపాయీ నోటుపుస్తకంలో రాసి, అందరి ముందూ చదివి, అక్కడే పంచుకునేవాళ్లం. మా గాయకుడు ఉద్యోగం మీద పుణె వెళ్లాక అదే పుస్తకం మీద అతనికి సందేహాలు మొదలయ్యాయి. మనిషి మంచివాడే, అంకెలూ సరైనవే. ఎదురుగా లేకపోవడమే తేడా.

ఇంకొకటి కూడా వాళ్ల దగ్గర నేర్చుకోండి. ఫుగాజీ తన కచేరీల రికార్డింగులు 800కు పైగా దాచుకుంది. వాటిని 2011 నుంచి ఆన్‌లైన్‌లో పెడుతూ వచ్చారు. మీరూ టేపు గానీ ఫైలు గానీ ఏదీ పారేయకండి, రెండు చోట్ల దాచండి.

మొదటి రికార్డుకు మీరు వారం వారం కలిసే బ్యాండునే ఎంచుకోండి. కాగితం మీద రాసుకోవాలనిపిస్తే ఒక్క పేజీ చాలు: మాస్టర్ బ్యాండుదే, ఖర్చులు పోగా చెరి సగం, లెక్కలు ఎప్పుడు అడిగినా చూపాలి.