పాత టూ పోస్ట్ లిఫ్టులో (రెండు స్తంభాల మధ్య కారును పైకెత్తే యంత్రం) ఒక వైపు వెనకబడటం గురించి
మీరు కొనబోయే లిఫ్టులో ఎడమ వైపు క్యారేజీ (స్తంభం వెంట పైకీ కిందికీ కదిలే భాగం) కుడిదానికంటే రెండు అంగుళాలు వెనకబడటానికి, అమ్మేవారు చెబుతున్నట్లు లిఫ్టును పైకెత్తే హైడ్రాలిక్ ఆయిల్ తగ్గడం కాక, రెండు వైపులనూ సమంగా నడిపించే ఈక్వలైజర్ కేబుళ్లు వదులవడమే కారణమయ్యే అవకాశం ఎక్కువ. ఆయిల్ తగ్గితే సాధారణంగా రెండు వైపులూ పూర్తి ఎత్తుకు చేరకముందే ఆగిపోతాయి.

1. కారు లేకుండా లిఫ్టును కొంత ఎత్తించి, క్యారేజీలు కిందికి జారకుండా పట్టి ఉంచే సేఫ్టీ లాకుల మీదకు దింపించండి.

2. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. రెండు క్యారేజీలూ ఒకే వరుస లాకు మీద కూర్చున్నాయో లేదో, స్తంభాల అడుగు ప్లేటు నుంచి టేపుతో కొలిచి చూడాలి. ఒక క్యారేజీ రెండోదానికంటే ఒక లాకు ఎత్తులో ఉండగా కేబుల్ బిగిస్తే, ఆ తేడా అలాగే స్థిరపడిపోతుంది. తర్వాత ఎంత ఆయిల్ పోసినా ప్రయోజనం ఉండదు.

3. ఆ తర్వాతే రెండు కేబుళ్ల నట్లనూ సమానంగా బిగించి, మళ్లీ ఎత్తించండి. రెండు వైపుల లాకుల చప్పుడు దాదాపు ఒకేసారి వినిపించాలి.

4. బిగించడానికి మర మిగలకపోయినా, కేబుల్‌లో తీగలు తెగి కనిపించినా, కొత్త కేబుళ్ల ఖర్చును ధరలో తగ్గించమని అడగండి.

ఇంటి దగ్గర లిఫ్టును బిగించేటప్పుడు, విప్పి తెచ్చిన పాత యాంకర్ బోల్టులను (స్తంభాలను నేలకు పట్టి ఉంచేవి), చూడటానికి ఎంత బాగున్నా, తిరిగి వాడకండి.