మడ్డి పట్టిన ఇంజన్‌కి ఫ్లష్ పోసే ముందు చాంబర్ విప్పించండి

పాత పెట్రోల్ కారు చేతికొచ్చింది, ఆయిల్ క్యాప్ తీసి చూస్తే లోపలంతా నల్లటి మడ్డి, మెకానిక్ ఏమో ఫ్లష్ (మడ్డిని కరిగించే ద్రవం) పోసి కడిగేద్దాం అంటున్నాడు, పోయించమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ముందు ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిని, అదే చాంబర్‌ని విప్పించి, పంపు ఆయిల్ లాగే చోట ఉండే జాలీ, అంటే స్ట్రైనర్, ఎలా ఉందో మీ కళ్లతో చూడండి. అంతవరకు కారు స్టార్ట్ చేయకుండా ఉంచితే ఇంకా మంచిది.

ఇంజన్ పైమూత, అంటే ట్యాపెట్ కవర్, కింద పేరుకున్న మడ్డి కదలకుండా ఉన్నంతకాలం ఇంజన్ ఎలాగోలా నడుస్తుంది. అది ఊడినప్పుడే అసలు ప్రమాదం. ఫ్లష్ పోసి పది పదిహేను నిమిషాలు ఐడిలింగ్‌లో తిప్పినంత మాత్రాన ఏళ్ల తరబడి గట్టిపడిన మడ్డి పూర్తిగా కరగదు. కొంత కరుగుతుంది, మిగతాది పెచ్చులుగా లేచి కిందికి జారి స్ట్రైనర్ జాలీకి అడ్డం పడుతుంది. ఫిల్టర్ ఉంది కదా అనుకుంటాం కానీ, ఆయిల్ పంపు దాటాకే ఫిల్టర్‌కి వెళ్తుంది. స్ట్రైనర్ పంపుకి ముందే ఉంటుంది. అది మూసుకుపోతే పంపుకే ఆయిల్ అందదు. ఇక క్రాంక్ బేరింగ్‌లు, క్యామ్ షాఫ్ట్ ఎండిపోయి అరగడం మొదలవుతుంది. నాకు తెలిసినాయన కారుకి ఒక షెడ్డులో సరిగ్గా ఇలాగే చేశారు. ఫ్లష్ కొట్టిన వారంలోపే ఆయిల్ లైటు వెలిగింది, చూస్తుండగానే కింద నుంచి దడదడ శబ్దం మొదలైంది. విప్పితే బేరింగ్‌లు పోయాయి, క్రాంక్ మీద గీతలు పడ్డాయి.

అది కళ్లారా చూసి ఉండటం వల్ల, మా బాబాయి కారు నా దగ్గరికి వచ్చినప్పుడు ముందే విప్పించాను. చాలా ఏళ్లు దగ్గర దగ్గర పనులకే తిరిగిన బండి అది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తూ ఉంటే లోపల చేరిన నీటి ఆవిరి, కాలకుండా మిగిలిన పెట్రోలు బయటికి పోలేక ఆయిల్‌లోనే కలిసిపోతాయి. పైగా ఆయిల్ మార్పించడం ఆలస్యమైతే మడ్డి కాక ఇంకేమవుతుంది. ట్యాపెట్ కవర్ ఎత్తితే వాల్వులను నొక్కే రాకర్లు మడ్డిలో సగం వరకే కనిపించాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచిపోయింది. ఆయిల్ తిరిగి కిందికి దిగే రంధ్రాల్లో రెండు పూర్తిగా పూడుకుపోయాయి. చాంబర్ దించాక స్ట్రైనర్ చూస్తే, ఎన్నాళ్లుగానో కడగని టీ వడగట్టులా ఉంది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఒక మూల మాత్రమే అవతలి వైపు కనిపించింది. ఆ స్థితిలో ఫ్లష్ పోసి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

శుభ్రం చేయడం ఓపికతో కూడిన పని. ముందు ఆయిల్ దిగే ఆ రంధ్రాల్లో గుడ్డ ముక్కలు కుక్కి, ప్లాస్టిక్ గరిటెతో మడ్డిని గీకి బయటికి తీయించాను. ఇనుప బ్రష్ వద్దన్నాను, దాని తీగ ఒక్కటి లోపల పడినా బేరింగ్ దాకా పోతుంది. తర్వాత పూడిన రంధ్రాలను కింద చాంబర్ లేనప్పుడే పొడిచి తెరిపించాం, రాలిన చెత్తంతా ట్రేలో పడింది. కవర్, చాంబర్, స్ట్రైనర్ ఇంజన్ నుంచి ఊడదీసిన భాగాలు కాబట్టి డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, కొత్త ప్యాకింగ్‌లతో బిగించారు. అదే డీజిల్‌నో కిరోసిన్‌నో ఇంజన్‌లో పోసి తిప్పుదామంటే మాత్రం ఒప్పుకోకండి. బేరింగ్‌ల మధ్య ఉండాల్సిన ఆయిల్ పొరను అది పలచన చేసేస్తుంది. పీసీవీ వాల్వ్ కూడా మార్పించండి. చిన్న భాగమే, కానీ అది మూసుకుపోతే ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి దారి లేక మళ్లీ మడ్డే పడుతుంది.

పైపైన కడిగినంత మాత్రాన సన్నని దారుల్లో ఉన్నది పోదు. దాన్ని మామూలు ఇంజన్ ఆయిల్‌తోనే నెమ్మదిగా దించాలి. కారు మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి 500 కిలోమీటర్లకే దించేయండి. తర్వాత 1000కి, ఆపైన 2000కి. ప్రతిసారీ ఫిల్టర్ మార్చాల్సిందే, ఎందుకంటే ఫిల్టర్ నిండిపోతే దానిలోని బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడగట్టని ఆయిల్‌నే ఇంజన్‌కి పంపేస్తుంది. ఆయిల్ తొందరగా నల్లబడుతోందని టెన్షన్ పడకండి, దానిలోని డిటర్జెంట్ మురికిని పట్టుకుంటోందని అర్థం. మా బండికి మొదటిసారి దించిన ఆయిల్ తారులా వచ్చింది, మూడోసారికి డిప్ స్టిక్ మీద గీతలు ఆయిల్ చాటున కనిపించాయి.

ఇలా ఆయిల్ మార్చుకుంటూ నడిపే రోజుల్లో డాష్‌బోర్డులోని ఆయిల్ లైటునే నమ్ముకోకండి. చాలా కార్లలో ఆ లైటు ఆయిల్ ప్రెషర్ దాదాపు అరబార్ కన్నా కిందికి పడిపోయాకే వెలుగుతుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. ఆ లైటును వెలిగించే స్విచ్ ఇంజన్ మీద ఉన్నచోట ప్రెషర్ చూపించే మెకానికల్ గేజ్ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక చూడమనండి. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్ఐ ఉండాలనేది మెకానిక్‌లు చూసుకునే మోటు లెక్క, మీ కారు అసలు అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఆయిల్ క్యాప్ కింద ఉన్నది నల్లగా కాకుండా తెల్లటి మీగడలా ఉంటే కథ వేరు. చలికాలంలో చిన్న చిన్న దూరాలు తిరిగిన బండికి కొంచెం ఉండటం మామూలే, కానీ రేడియేటర్‌లోని కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే ప్యాకింగ్) చూపించండి.

చాంబర్ దించినప్పుడు అడుగున ఉన్న మడ్డిని పారబోయనివ్వకండి. కొంచెం తెల్ల గుడ్డ మీద పరిచి, అయస్కాంతం తిప్పి, ఎండలో చూడండి. బేరింగ్‌ల లోహానికి అయస్కాంతం అంటదు, కాబట్టి తళుకులు కూడా వెతకండి. మడ్డి ఒక్కటే ఉంటే పైన చెప్పినట్టు చేసుకోవచ్చు. చమ్కీల్లా మెరిసే పొడి ఉంటే మాత్రం కడగడం మీద డబ్బు పెట్టకండి, బేరింగ్ క్యాప్‌లు విప్పించి ఇంజన్ పని పూర్తిగా చేయించాల్సిందే.