ఆ పనసచెట్టు జోలికి అప్పుడే వెళ్లకు

చిరంజీవి చిన్నాకి,

మావయ్య ఆశీస్సులు. రాత్రి గాలికి పెరట్లో పనసచెట్టు వంటింటి రేకుల మీదకి ఒరిగిపోయిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీకెవరికీ దెబ్బ తగల్లేదు, అంతే చాలు. నువ్వే కత్తి పట్టుకుని నరికేస్తానంటున్నావట. ఆగరా.

ముందు కరెంటు సంగతి చూడు. సర్వీసు వైరు కొమ్మల్లో చిక్కుకుందట కదా, ఊరంతా కరెంటు లేదని దాన్ని ముట్టుకోవద్దు. ఎవరైనా జనరేటర్ వేస్తే అందులోంచి వెనక్కి కరెంటు వచ్చే ప్రమాదం ఉంది. కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యి. లైన్‌మన్ వచ్చి వైరు తీసేదాకా వంటింట్లోకి ఎవరూ వెళ్లకూడదు. ఈలోపు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టు, నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకి చూపించాలి.

నా టెన్షన్ అంతా నరకడం గురించే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం జిల్లాలోని మన ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలకూలాయి. మా పెరట్లో చెట్టు వేళ్లతో సహా లేచి, గోడంత మట్టిపెళ్ల నిలబడింది. పిల్లలు ఆ గోతిలో ఆడుకుంటుంటే మీ అత్త కేకలేసి బయటికి లాగింది. కాసేపటికి మిషన్ రంపంతో మాను కోశారు. అది తెగిందో లేదో, బరువు పోయిన మొద్దు వేళ్లతో, మట్టితో సహా ఒక్క ఊపున వెనక్కి లేచి గోతిలో కూర్చుంది. ఆ చప్పుడు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ గోతి దగ్గరికి పిల్లల్ని, మేకల్ని రానివ్వకు.

వంగి నేలకి నొక్కుకుపోయిన కొమ్మలూ అంతే. తెగగానే విల్లులా ఎగిరి మొహానికి కొడతాయి. కాబట్టి చెట్లు కోయడం తెలిసిన మనిషినే పిలు. మాను కింద దుంగలు ఊతం పెట్టి, తాళ్లు కట్టి, ముక్కలు ముక్కలుగా దింపించు. ట్రాక్టర్‌తో లాగిస్తే వంటింటి గోడ కూడా దాంతోపాటు కూలిపోతుంది. రేకుల మీద ఎవర్నీ ఎక్కనివ్వకు.

మాను కట్టెల వాళ్లకి ఇచ్చెయ్యకు. బొబ్బిలి వీణలు చేసేది పనస కలపతోనే. వడ్రంగికి చూపించు, తలుపులకైనా పనికొస్తుంది. పడిన కొబ్బరి మానులు మాత్రం అక్కడే కుళ్లనివ్వొద్దు, వాటిలో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, మిగిలిన చెట్ల మొవ్వు తినేస్తుంది.

శనివారం నేనే వస్తున్నా. అప్పటిదాకా కత్తి అటక మీదే ఉండనీ.

మీ మావయ్య