మిరప విత్తనాలకు పట్టించే సూడోమోనాసే పుండులోనూ ఉందా?

ప్రశ్న: మా నాన్నగారు మిరప నారు పోసే ముందు విత్తనాలకు సూడోమోనాస్ పొడి పట్టిస్తారు. ఈమధ్య మా బాబాయికి కాగే నూనె పడి చెయ్యి కాలింది. కట్టు విప్పితే ఆకుపచ్చ చీము, చీములో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టులో చూస్తే సూడోమోనాస్! ఆ పొడి వల్లే వచ్చిందని ఇంట్లో ఒకటే గొడవ. పారేయమంటారా?
- ఓ పాఠకురాలు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: పారేయొద్దమ్మా. రిపోర్టు మళ్లీ తీసి ఆ పేరు పక్కనున్న రెండో పదం చదవండి. సూడోమోనాస్ అన్నది ఒక బ్యాక్టీరియా గుంపుకు ఇంటిపేరు లాంటిది, ఆ పేరుతో మట్టిలో, నీళ్లలో, ఆకుల మీద, వేళ్ల చుట్టూ వందకు పైగా జాతులున్నాయి. పొలానికి అమ్మే పొడిలో సాధారణంగా ఉండేది ఫ్లోరెసెన్స్. పుండులో పచ్చగా చీము పట్టించేది ఎరుజినోసా. 1882లో కార్ల్ గెస్సార్ అనే ఫ్రెంచి ఆయన కట్టుగుడ్డలకు నీలంగా, ఆకుపచ్చగా మరకలెందుకు అవుతున్నాయో వెతుకుతూనే దీన్ని పట్టుకున్నాడు.

ఫ్లోరెసెన్స్‌కి 25 నుంచి 30 డిగ్రీల వేడి సరిపోతుంది, మన ఒంటి వేడికి అది సరిగ్గా పెరగలేదు. ఎరుజినోసా 42 డిగ్రీల్లోనూ పెరుగుతుంది. అది పొలం నుంచే రానక్కర్లేదు, సింకు, కుళాయి మూతి, ఎప్పుడూ తడిగా ఉండే ఏ మూలైనా దానికి ఇల్లే, చర్మం కాలిపోయి అడ్డు లేకపోయేసరికి లోపలికి దూరింది.

పొలంలో ఫ్లోరెసెన్స్ నిజంగా మేలు చేస్తుంది. వేళ్ల దగ్గరున్న ఇనుమును ముందే లాగేసుకుని తెగులు తెచ్చే బూజులకు దక్కనివ్వదు. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించి నీడలో ఆరబెడితే చాలు. రాగి మందులతో మాత్రం కలపొద్దు, బ్యాక్టీరియా చచ్చిపోయి డబ్బు దండగ. అనుమానముంటే గుంటూరు దగ్గర లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) మీకు దగ్గరే కదా, వెళ్లి అడగండి.

నా టెన్షనంతా మీ బాబాయి గురించే. ఎరుజినోసా మామూలు యాంటీబయాటిక్స్‌కి చాలావాటికి లొంగదు. ఏ మందు పనిచేస్తుందో ఆ రిపోర్టులోనే ఉంటుంది, అది చూసి డాక్టరు రాసిందే, రాసినన్ని రోజులూ వాడాలి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం, పుండు మీద పసుపు పెట్టడం వద్దే వద్దు. జ్వరమొచ్చినా, ఎరుపు చుట్టూ పాకినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. చెయ్యి పూర్తిగా మానేదాకా ఆయన్ని ఆ పొడి ముట్టుకోనివ్వకండి, పుండున్న చేతికి ఏ బ్యాక్టీరియా పొడీ మంచిది కాదు.