బ్యాక్టీరియా సంగతి సరే, బస్సు బానెట్ సంగతి చూడండి

జన్యువు మార్చిన బ్యాక్టీరియాతో తయారుచేసే ఇన్సులిన్‌ను ఏళ్ల తరబడి వాడితే ప్రమాదం లేదా అని అడిగారు. లేదు. ఉదయగిరిలో మా పిన్ని చాలాకాలంగా అదే వాడుతోంది. ఆమెకు మందు వల్ల కలిగిన ఇబ్బంది కంటే చుట్టూ చేరి భయపెట్టేవాళ్ల వల్ల కలిగిందే ఎక్కువ.

ఒక మే నెలలో మందు నిండుకుంది. నెల్లూరులో బావ కొత్త సీసా కొని బస్సులో పంపాడు. డ్రైవర్ గారు దాన్ని భద్రంగా ఇంజిన్ బానెట్ మీద పెట్టుకుని తెచ్చారు. బస్టాండులో నా చేతికి వచ్చేసరికి సీసా పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా కాలుతోంది. పిన్నిది 30/70 రకం, అంటే త్వరగా పనిచేసేది 30 పాళ్లు, నిదానంగా పనిచేసేది 70 పాళ్లు కలిపిన ఇన్సులిన్. అరచేతుల మధ్య దొర్లిస్తే అంతా తెల్లగా కలిసిపోవాలి. ఎంత దొర్లించినా కలవలేదు, గడ్డలు గాజుకే అంటుకున్నాయి. వేడికి మందు చెడిపోయిందన్నమాట. పారేద్దామంటే "డబ్బు పోసి కొన్నది నాయనా" అంటూ పిన్ని వినలేదు. కొద్దిరోజుల్లోనే షుగర్ మూడు వందలు దాటింది.

ఇక పక్కింటాయన అందుకున్నాడు. "క్రిముల నుంచి తీసిన మందు అక్కయ్యా అది, ఎందుకు పనిచేస్తుంది? మా నాన్నకు అసలు సిసలుది ఇచ్చేవారు." ఆ అసలు సిసలుది పశువుల, పందుల క్లోమం నుంచి తీసేవారని చెప్పాను. వాళ్లది ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పశువుల ఇన్సులిన్‌కూ మనిషి ఇన్సులిన్‌కూ మూడు అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లాంటివి) తేడా ఉంది, పందిదానికి ఒకటి. బ్యాక్టీరియా చేత చేయించేది మాత్రం అచ్చంగా మన ఒంట్లో ఊరేదే. 1978లో ఈ-కొలై అనే బ్యాక్టీరియాలో మనిషి ఇన్సులిన్ జన్యువు పెట్టి సాధించారు, 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. శుద్ధి చేశాక సీసాలో బ్యాక్టీరియా మిగలదు. మన నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ కంపెనీ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా ఈ కోవలోదే, కాకపోతే అక్కడ బ్యాక్టీరియా బదులు ఈస్టు. పిల్లలకు ఆ టీకా వేయించేటప్పుడు రాని అనుమానం ఇన్సులిన్ దగ్గరే ఎందుకు వస్తుందో!

కొత్త సీసా తెచ్చాక పిన్ని షుగర్ దారికొచ్చింది. ఎండాకాలం కరెంటు పోతే సీసాను డబ్బాలో పెట్టి నీళ్లకుండలో ఉంచుతున్నాం.

భయపడాలనే ఉంటే సిరంజీ చూసి భయపడండి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు ఎర్ర మూతది, 100 యూనిట్లుండేదానికి నారింజ మూతది వాడాలి. కొన్ని షాపుల్లో ఏది చేతికందితే అది ఇచ్చేస్తున్నారు. 100 సీసా మందును 40 సిరంజీతో అదే గీత వరకు తీస్తే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర రెట్లు.