బాపును ప్రోస్టేట్ స్టడీలో చేర్చొచ్చా? నన్ను తీసుకోలేదు, అయినా తెలిసింది చెప్తా

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ: నర్సంపేట దగ్గర ఊరు, బాపుకు 66 ఏళ్లు, వ్యవసాయం. రాత్రి మూత్రానికి నాలుగైదుసార్లు లేస్తున్నాడు. పీఎస్‌ఏ 5.6 వచ్చింది (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష అది). హైదరాబాద్‌లో చూపిస్తే డాక్టర్ "ప్రోస్టేట్ మందు మీద ఒక స్టడీ నడుస్తోంది, చేరతారా" అన్నాడు. ఇంట్లో వాళ్లేమో "మనిషిని ఎలుకలెక్క వాడుకుంటరు" అంటున్నారు. చేర్చాలా, వద్దా?

నేను ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైర్ అయిన. హన్మకొండ నుంచి హైదరాబాద్ రూట్‌లోనే సగం సర్వీసు గడిచింది. డాక్టర్ని కాను. మూడేళ్ల కింద నేనూ ఇలాంటి స్టడీకే పోయి, అన్ని పరీక్షలూ అయ్యాక "మీరు పనికిరారు" అనిపించుకుని తిరిగొచ్చిన. మా వియ్యంకుణ్ని మాత్రం తీసుకున్నారు. ఆయనది జమ్మికుంట. ఇద్దరం వారానికోసారి ఫోన్‌లో ఒంటేలు ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం, మా కోడలు సిగ్గుతో బయటికి పోయేది.

స్టడీ మాట పక్కన పెట్టి, ముందు ఒక పని చెప్తా. బాపుతో మూడు రోజులు మూత్రం డైరీ రాయించండి. ఈ ఒక్క మాట కోసమే ఇంత రాస్తున్నా.

నా కథ వినండి. రాత్రి లేవడం మొదలైన కొత్తలో మందుల షాపులో అడిగితే టామ్సులోసిన్ గోళీ ఇచ్చారు. పొద్దున టిఫిన్ కాకముందే వేసుకునేవాణ్ని. నాలుగో రోజు మంచం మీంచి లేస్తే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నా. ఆ మందు ప్రోస్టేట్ దగ్గర కండరాన్ని వదులు చేస్తుంది, దాంతోపాటు కొందరికి నిలబడగానే బీపీ పడిపోతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోతే స్కాన్ కాగితం చూసి "38 గ్రాములుంది, ఆపరేషన్ చేద్దాం" అన్నారు, ఐదు నిమిషాల్లో. మామూలుగా ఇరవై, పాతిక గ్రాములుండాలట, కాబట్టి పెరిగిన మాట నిజమే. కానీ గ్రంథి సైజుకు, మన బాధకు నేరుగా లెక్క కుదరదు. ముప్పై గ్రాములకే మూత్రం ఆగిపోయినవాళ్లున్నారు, ఎనభై గ్రాములున్నా హాయిగా తిరిగేవాళ్లూ ఉన్నారు. ఇది నాకు తర్వాత తెలిసింది.

స్టడీ వాళ్లు మొదట ఏడు ప్రశ్నల కాగితం నింపించారు. ఐపీఎస్ఎస్ స్కోరు అంటారు. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి ఐదు, మొత్తం 35. ఏడు దాకా స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి పైకి తీవ్రం. తెలుగులోనే ఉంది కానీ అందులో ఒక ప్రశ్న చదివి నేనూ మా వియ్యంకుడూ ముఖాలు చూసుకున్నాం, అంత గ్రాంథికం. అక్కడి సిస్టర్ నవ్వి "వచ్చిందంటే ఆపుకోలేక ఉరుకుతవా పెద్దాయనా?" అని అడిగితే అర్థమైంది. నాకు 17 వచ్చింది, వియ్యంకుడికి 18.

తర్వాత యూరోఫ్లో. మిషన్ మీద గరాటులో పోస్తే ధార వేగం గీత గీస్తుంది. మొదటిసారి నాకు తొంభై మిల్లీలీటర్లే వచ్చాయి. "ఇది లెక్కలోకి రాదు, కనీసం 150 ఉండాలి" అని నీళ్లు తాగించి రెండు గంటలు కూర్చోబెట్టారు. బాపుకు ఈ టెస్ట్ అయి ఉంటే రిపోర్టులో ఎంత పోశాడో చూడండి. కొద్దిగా పోస్తే ధార ఎవరికైనా సన్నగానే వస్తుంది, దాన్ని చూసి గ్రంథి అడ్డముందనుకోవద్దు. నాకు రెండోసారి సెకనుకు 13 మిల్లీలీటర్లు వచ్చింది. 15 దాటితే బాగున్నట్టు, పది లోపు పడితే అడ్డం ఉందని అనుమానం. నేను మధ్యలో. పోసింతర్వాత స్కాన్‌లో లోపల 60 మిల్లీలీటర్లు మిగిలింది, అదేమంత ఎక్కువ కాదు.

ఇక డైరీ. పాలు కొలిచే ప్లాస్టిక్ మగ్గు ఒకటి కేటాయించుకోవాలి. మా ఇంటామె దానికి ఎర్ర రిబ్బన్ కట్టింది, పొరపాటున మళ్లీ వంటింట్లోకి రాకుండా. మూడు పగళ్లు, మూడు రాత్రులు: ఎన్నింటికి పోశావు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏం తాగావు, ఎంత, ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి లేచావు. నా రెండో రోజు లెక్క ఇంకా గుర్తుంది. పదిన్నరకు పడుకున్నా. పన్నెండుకు 250, రెండు గంటలకు 220, మూడున్నరకు 230, పొద్దున లేవగానే 250. మొత్తం 950. ఆ 24 గంటల్లో అంతా కలిపి 2100. పొద్దున లేవగానే పోసింది రాత్రి లెక్కలోకే వస్తుంది, పడుకునే ముందు పోసింది రాదు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు.

అక్కడి డాక్టర్ ఆ కాగితం చూసి చెప్పింది నేను మర్చిపోను. "మీ మూత్రం సంచి బాగానే పట్టుకుంటోంది. ప్రోస్టేట్ అడ్డమో, సంచి చికాకో అయితే ప్రతిసారీ యాభై, ఎనభై చొప్పున కొంచెం కొంచెం వచ్చేది. మీకు నిండి వస్తోంది. రాత్రిపూట మూత్రం ఎక్కువ తయారవుతోంది." పెద్ద వయసులో 24 గంటల మూత్రంలో మూడో వంతు దాటి రాత్రే వస్తే దాన్ని వేరే సమస్యగా చూస్తారు. నాది 45 శాతం. అందుకే స్టడీలోంచి తీసేశారు. వాళ్ల మందు పనిచేసేది ప్రోస్టేట్ మీద, నా తిప్పలు చాలావరకు అక్కడ లేవు. నన్ను చేర్చుకుంటే నాకు గుణం కనిపించదు, వాళ్ల లెక్కా చెడిపోతుంది.

మరి ఎక్కడుంది? డ్యూటీలో ఉన్నప్పుడు బస్సు ఆపే వీలుండదని పగలంతా నీళ్లు ముట్టేవాణ్ని కాదు. రాత్రి ఇంటికొచ్చి రెండు చెంబులు దింపేవాణ్ని. రిటైర్ అయినా అలవాటు పోలేదు, డైరీలో సాయంత్రం ఆరు తర్వాతే లీటరున్నర. రెండోది బీపీ గోళీ. ఆమ్లోడిపిన్ వాడేవాణ్ని, సాయంత్రానికి కాళ్లు వాచేవి. పగలు కాళ్లలో చేరిన ఆ నీరు పడుకోగానే రక్తంలోకి వచ్చి మూత్రంగా దిగుతుందట. బీపీ డాక్టర్ గోళీ మార్చాడు (మీరు మీ అంతట మీరు ఆపకండి, అది ఇంకో ప్రమాదం). నీళ్లు పగటికి మార్చుకున్నా, ఉప్పు తగ్గించా, సాయంత్రం గంటసేపు కాళ్లు దిండు మీద ఎత్తి పెట్టుకుంటా. ఇప్పుడు రాత్రి ఒకసారి, ఎప్పుడన్నా రెండు. టామ్సులోసిన్ కూడా మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి రాత్రి భోజనం అయ్యాక. గ్రంథి కూడా కొంచెం పెరిగింది కదా, దాని వాటా దానికుంది.

మీ బాపుదీ ఇదే అని నేననడం లేదు. షుగర్ ఉన్నా ఇలాగే లేస్తారు. గుర్రుపెట్టి మధ్యమధ్యలో ఊపిరి ఆగే జబ్బున్నా లేస్తారు. డైరీ చూస్తే ఎటు వెతకాలో తెలుస్తుంది, ఖర్చేమో మగ్గు ధర.

పీఎస్‌ఏ 5.6 సంగతి. అది క్యాన్సర్ పరీక్ష అనుకుని టెన్షన్ పడకండి. గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం కోసం పైపు వేసినా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ లేదని చూసుకుని కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించమంటారు. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ అనే ప్రోస్టేట్‌ను కుదించే మందులు ఆర్నెల్లు, ఏడాది వాడినవాళ్లకు పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది, కాబట్టి వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూడాలి. బాపు అవి వాడుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఇంకా అనుమానముంటే ముక్క తీసి పరీక్షించే (బయాప్సీ) ముందు ఎంఆర్ఐ గురించి అడగండి. బ్రిటన్‌లో 576 మంది మీద జరిపి 2017లో అచ్చేసిన ప్రామిస్ స్టడీలో, ముందు ఎంఆర్ఐ చేస్తే నాలుగో వంతు మందికి పైగా బయాప్సీ తప్పించొచ్చని తేలింది. ఒకవేళ క్యాన్సరే అని తేలినా తొందరపడే ముందు ఇది తెలుసుకోండి. బ్రిటన్‌లోనే ప్రొటెక్ట్ అనే స్టడీలో గ్రంథి దాటి పాకని క్యాన్సర్ ఉన్న 1643 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్ చేశారు, ఇంకో గుంపును వెంటనే ఏ చికిత్సా చేయకుండా పరీక్షలతో గమనిస్తూ ఉన్నారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే ఆ క్యాన్సర్‌తో పోయినవాళ్లు మొత్తం మీద 45 మందే, ఏ గుంపులోనూ పెద్ద తేడా లేదు. ముదిరిన క్యాన్సర్ సంగతి వేరు.

ఒక్కదానికి మాత్రం ఏ స్టడీ కోసమూ ఆగొద్దు. నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వచ్చిందంటే, ఒక్కసారి వచ్చి ఆగిపోయినా సరే, వెంటనే చూపించండి. బాపుకు బీడీ, సిగరెట్ అలవాటుంటే మరీనూ. మూత్రాశయం క్యాన్సర్‌కు పొగే పెద్ద కారణం, సంచిలోకి కెమెరా పంపి చూడందే తేలదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎలుకలెక్క వాడుకుంటారన్న భయం ఊరికే వచ్చింది కాదు, మన దేశంలో పేదవాళ్ల మీద అన్యాయంగా జరిగిన ప్రయోగాలున్నాయి. అందుకే రూల్స్ బిగించారు. 2009 జూన్ 15 నుంచి మందుల ట్రయల్ ఏదైనా సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఎక్కించాలి. ఆ నంబర్ అడిగి తీసుకుని ఇంటర్నెట్‌లో చూడండి, అందులో ఏ మందు, ఎంతమంది, ఎవరు డబ్బు పెడుతున్నారు అన్నీ ఉంటాయి. నంబర్ చెప్పడానికి నసిగితే అక్కడే దండం పెట్టి వచ్చేయండి. 2019 రూల్స్ ప్రకారం స్టడీ వల్ల ఏమన్నా అయితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారమూ ఉంది. కాగితం తెలుగులో ఇవ్వాలి. బాపుకు చదువు రాకపోతే స్టడీతో సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి. ఎప్పుడు వద్దనుకున్నా బయటికి రావచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. మాకిచ్చిన కాగితం పదిహేను పేజీలు దాటింది. అక్కడే సంతకం పెట్టమంటే నేను "ఇంటికి తీసుకుపోయి చదువుకుని వస్తా" అన్నా. ఎవరూ ఏమీ అనలేదు. అనకూడదు కూడా.

మీరు తప్పక అడగాల్సింది: ఉత్త గోళీ (చూడ్డానికి మందులాగే ఉండి, లోపల మందు లేని గోళీ) ఇచ్చే గుంపు ఉందా? ఉంటే బాపు ఇప్పుడు వాడుతున్న మందు ఆపాలా, ఎన్ని వారాలు? మధ్యలో మూత్రం పూర్తిగా ఆగిపోతే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి, నర్సంపేట నుంచి ఎక్కడికి పోవాలి? వియ్యంకుడి స్టడీలో హైదరాబాద్ తిరగడానికి రైలు చార్జీలిచ్చారు. కానీ పొద్దున బండెక్కి, మధ్యాహ్నం దాకా అక్కడ కూర్చుని, రాత్రికి ఇల్లు చేరడం ఆయనకు భారమైంది. ఏడెనిమిదిసార్లు పోయాడు.

ఉత్త గోళీ ఎందుకంటారా? ఈ జబ్బులో ఉత్త గోళీ మింగినా చాలామందికి తగ్గినట్టే ఉంటుంది. సా పామెటో అనే మూలిక అమెరికాలో బాగా అమ్ముడుపోయేది. 2006లో 225 మందికి ఏడాదిపాటు ఇచ్చి చూస్తే ఉత్త గోళీ కన్నా ఎక్కువేం చేయలేదు. 2011లో మోతాదు మూడింతలు చేసి చూసినా అంతే. పోల్చి చూడకపోతే ఇప్పటికీ అది గొప్ప మందనే అనుకునేవాళ్లం. మా వియ్యంకుడి స్కోరు 18 నుంచి 11కు దిగింది. తనకు అసలు మందే ఇచ్చారని పందెం కాస్తాడు. ఏ గోళీ మింగాడో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, ఆయనకున్న కోపమల్లా అదొక్కటే. అయిపోయాక చెప్తారా లేదా అన్నది కూడా ముందే అడగండి.

ఇంకో రెండు మాటలు. జలుబు గోళీలు కొన్ని ప్రోస్టేట్ ఉన్నవాళ్లకు మూత్రం బిగబట్టేస్తాయి, షాపులో అడిగి ఇష్టమొచ్చినట్టు వేయకండి. బాపుకు కంట్లో శుక్లం ఆపరేషన్ ఉంటే టామ్సులోసిన్ వాడుతున్నట్టు, వాడి మానేసినా సరే, కంటి డాక్టర్‌కు ముందే చెప్పండి. ఆ మందు కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను కూడా వదులు చేస్తుంది.

డైరీ రాశాక మూడు రోజుల లెక్క ఇక్కడే పెట్టండి, రాత్రి వాటా ఎంతో కూడి చెప్తా. పత్తి ఏరే రోజుల్లో మాత్రం మొదలుపెట్టకండి, చేనుకు మగ్గు పట్టుకుపొమ్మంటే బాపు మిమ్మల్నే కొడతాడు.