డాక్టర్ సలహా: తెల్లారుజామున దడ, జ్ఞాపకాల వల్లేనా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది కావలి దగ్గర పల్లె, కథోలికులం. బాబుకు ఐదేళ్లు. రెండేళ్లుగా పుట్టింట్లోనే ఉంటున్నాను. చర్చిలో జరిగిన మా జ్ఞానవివాహం మొదటి నుంచీ చెల్లలేదని ప్రకటించమని మేత్రాసన ట్రిబ్యునల్‌కు, అంటే బిషప్ గారి కింద ఉండే చర్చి కోర్టుకు, అర్జీ పెడుతున్నాను. అందులో చిన్నతనం, ఇంటి పరిస్థితులు వివరంగా రాయమన్నారు. నాయన తాగొచ్చి అమ్మను కొట్టేవాడు. నాయనమ్మ తన ప్రాణం తనే తీసుకుందని ఇంట్లో గుసగుస. ఇవి రాయడం మొదలుపెట్టాక నిద్ర పోయింది. నాలుగు నెలలుగా మా పిన్ని వాడే అల్‌ప్రాజోలామ్ 0.5 మాత్ర రాత్రికొకటి వేసుకుంటున్నాను. ఇప్పుడు రెండేస్తేగానీ నిద్ర పట్టడం లేదు. తెల్లారుజామున దడ, చేతులు వణుకు. ఆరు కిలోలు తగ్గాను. ఇవన్నీ రాస్తే నన్నే పిచ్చిదంటారా? మా ఆయనకు మానసిక రోగం ఉందని మీరు సర్టిఫికెట్ ఇస్తారా?
- ఒక సోదరి

జవాబు: సర్టిఫికెట్ ఇవ్వలేనమ్మా. చూడని మనిషికి ఉత్తరం చదివి రోగం అంటగట్టలేను. అవసరమనుకుంటే ట్రిబ్యునలే ఒక నిపుణుణ్ని పెట్టుకుంటుంది.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది పిన్ని మాత్ర దగ్గర. ఒకటి రెండయింది చూశారా, అలవాటు పడటమంటే అదే. అల్‌ప్రాజోలామ్ త్వరగా దిగిపోయే మందు. రాత్రి పదింటికి వేసుకుంటే తెల్లారేసరికి దాని బలం తగ్గి దడ, వణుకు, గాభరా మొదలవుతాయి. నాయన జ్ఞాపకాల వల్ల అని మీరనుకుంటున్న దాంట్లో కొంత ఈ మాత్రదే కావచ్చు. అలాగని ఈ జవాబు చదివి ఇవాళే మానేయకండి, మూడు కూడా చేయకండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పినట్టు వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, షాపులో చీటీ చూసి రిజిస్టర్లో పేరు రాసుకుని అమ్మాలి. మన ఊళ్లలో పక్కింటి డబ్బాలోంచి తీసిస్తారు, అప్పడాల పిండిలాగా! పిన్నిగారిది ప్రేమే, కాదనను. ఆమెకు రాసిచ్చిన డాక్టరు మిమ్మల్ని చూడలేదు కదా.

ఇక ఆరు కిలోలు. బరువు తగ్గడం, దడ, వణుకు మూడూ కలిసి ఉంటే టెన్షన్ అని తేల్చేసే ముందు థైరాయిడ్ చూడాలి. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష, హిమోగ్లోబిన్, షుగర్, ఒక ఈసీజీ. నాలుగు నెలలు ఎందుకు ఆగారు?

ఇంకో మాట సూటిగా అడుగుతాను. నాయనమ్మ సంగతి రాశారు. చచ్చిపోవాలన్న ఆలోచన మీకు వస్తోందా? వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, ఇంట్లో ఒకరికి చెప్పి ఈ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆత్మహత్యలు, తాగుడు వ్యసనం వంశంలో ఉంటే ముప్పు కొంత పెరుగుతుంది. మీకూ బాబుకూ వచ్చి తీరుతుందని కాదు.

పిచ్చిదంటారా అన్నారు. అనరు. ఒకట్రెండు కేసుల్లో నన్ను అభిప్రాయం అడిగారు కాబట్టి కొంచెం తెలుసు. చర్చి చట్టంలో 1095వ నిబంధన కింద వాళ్లు చూసేది, పెళ్లినాడు ఒప్పుకున్నప్పుడు ఆ నిర్ణయానికి తగిన వివేచన, ఆ బాధ్యతలు మోసే శక్తి ఇద్దరికీ ఉన్నాయా అని. ఇంట్లో దెబ్బలు చూస్తూ పెరిగిన పిల్ల పెళ్లికి ఎందుకు తలూపిందో తెలియాలంటే ఆ ఇల్లు తెలియాలి, అందుకే అడుగుతారు. నిజం రాయండి. కాకపోతే రాత్రిపూట, బాబు పడుకున్నాక రాయొద్దు. పగలు, అమ్మ పక్కన ఉండగా అరగంట రాసి ఆపేయండి. మిగతావి మీ విచారణ గురువులను, అంటే మీ చర్చి ఫాదర్‌ను, అడగండి. చర్చి తీర్పుతో ప్రభుత్వ లెక్కలో పెళ్లి రద్దు కాదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. దానికి లాయరును కలవాలి, అది నా పని కాదు.

నెల్లూరు గానీ ఒంగోలు గానీ, దగ్గరున్న చోట మానసిక వైద్యులను కలవండి. మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి, ఎన్ని వేసుకున్నారో దాచకండి. అర్జీ ఓ వారం ఆలస్యమైనా ఫరవాలేదు. టీఎస్‌హెచ్‌కు మాత్రం రేపే రక్తం ఇచ్చి రండి, దానికి పరగడుపు కూడా అక్కర్లేదు.